ఓడ మలుపు

1. కొండ కనబడదు.

ఆఖరి రోజు ఇలా గడిచింది. తెల్లవారేసరికి నా భార్య సుందరికి జ్వరం తగ్గింది. గంజి రెండు గుక్కలు తాగింది. కొండ కనిపిస్తోందా అని అడిగింది. కిటికీ తెరిచి చూశాను. సగం నుంచి పైకంతా మబ్బు. కనబడట్లేదన్నాను.

"అయితే వలలకి నీళ్ళు పడతన్నాయి" అంది. ఆ మాట తృప్తిగానే అంది.

కాసేపాగి, "సైకిలు చార్జింగెట్టు. సోమారం నా వంతు" అంది.

పెట్టాను. నేను తిరిగి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపట్టిందనుకున్నాను. తీరానికి వెళ్ళి సముద్రమట్టం చూసి రాసుకున్నాను. అది నా ఉద్యోగం. ఇంటికి వచ్చి నుదుటిమీద చెయ్యి వేస్తే ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

సైకిలుకి చార్జింగు నిండి హ్యాండిలు దగ్గర పచ్చలైటు వెలుగుతోంది. ఆ వైరు పీకడానికి నాకు వారం పట్టింది.

2. కొండ కనబడుతోంది. నీళ్ళు తక్కువ.

ఇవాళ కుళాయి తిప్పితే బిందె నిండింది. నా ఒక్కడికి అంత రాకూడదు. సుందరి వాటా ఇంకా వస్తూనే ఉంది.

మెరకదీవిలో బావులన్నీ ఉప్పువే. తాగే ప్రతి చుక్కా కొండమీద కట్టిన వలలకు మబ్బు తగిలి, చెమర్చి, కారి, గొట్టాల్లో దిగి రావాలి. మనిషికింత అని వాటా. మనిషి పోతే, ఆ పేరుమీద వచ్చిన నీళ్ళు ఒక క్యానుకి పట్టి, ఇంట్లో మిగిలినవాళ్ళు కొండమీది తొట్టిలో తిరిగి పొయ్యాలి. అప్పుడు పైన తొట్టి చూసుకునే చిన్నమ్ములు ఆ పేరు కొట్టేస్తుంది. వానలు దిగేలోపు అది జరగాలి. మోటారు వాడకూడదు. సొంత కాళ్ళతో ఎక్కాలి. సైకిలు తొక్కవచ్చు, నడవవచ్చు, ఎన్నిసార్లయినా ఆగవచ్చు. నియమం అంతే.

సాయంత్రం గవరయ్య వచ్చాడు. మా పక్కింటాయన, వలలు అల్లుతాడు. అదే జ్వరంలో ఆయన భార్య బోడెమ్మ కూడా పోయింది. ఆమె, సుందరి కొండమీద ఒకే జట్టులో వలలు కడిగేవారు.

"అల్లుడూ, ఎప్పుడెక్కుతున్నావు?"

"నువ్వెప్పుడు మావా?"

"నాకేటి తొందర? ముందు నువ్వెల్లు. కుర్సీలో కూకొని సముద్రం లెక్కెట్టినోడివి, దారెలా ఉందో సూసొచ్చి సెప్పు. నాను తీరిగ్గా నడిసెల్తాను. బోడెమ్మ బతికున్నన్నాళ్ళూ నన్ను నడిపించింది, ఇంకొక్కసారి నడిపిస్తది."

నవ్వాడు. నేనూ నవ్వాను. నడుస్తానని నాకు మాత్రం నోరు రాలేదు. ఇరవై ఏళ్ళు ప్రతి ఆదివారం ఆమెతో కలిసి ఆ దారి తొక్కాను. ఆ రోజుల్లో నా సైకిలుకీ మోటారు పనిచేసేది. ఆమె వారానికి మూడుసార్లు ఎక్కే మనిషి. అయినా నేను ఎప్పుడూ వెనకబడలేదని తీరాఫీసులో చెప్పుకునేవాణ్ణి.

3. కొండ కనబడదు.

నా సైకిలు ఫ్రేము చీలిపోయి మూలన ఉంది. సుందరి సైకిలు దించాను. దానికి చిన్న గేరు ఉంది, ఎక్కుడుకి పనికొస్తుంది. మోటారు ఆపేసి, ఖాళీ క్యాను వెనక కట్టి, అలవాటు కోసం బయలుదేరాను.

ఉప్పు మలుపు దాకా బాగానే ఉంది. అక్కడినుంచి దారి నిలువుగా లేస్తుంది. ఎప్పుడో రాడార్ కేంద్రం కోసం మిలిటరీవాళ్ళు తవ్వించిన దారి అది. లారీలకోసం వేసింది, కాళ్ళకోసం కాదు. సీటుమీద కూర్చుంటే ముందుచక్రం లేస్తోంది. లేచి నిలబడితే వెనకచక్రం నాచుమీద జారుతోంది. రోడ్డుకి అడ్డంగా అటూ ఇటూ పాములా తొక్కాను. ఊపిరి గొంతులోనే ఆగిపోతోంది. గొర్రెల మలుపు చేరకముందే దిగి, రోడ్డు వార వాంతి చేసుకున్నాను.

పైనుంచి వలల జట్టు అమ్మాయిలు ఇద్దరు దిగుతున్నారు. నన్ను చూసి బ్రేకులు వేశారు.

"ఏటయింది బావూ?"

"చైను పడిపోయింది" అన్నాను.

చైను పడలేదు. వాళ్ళకీ తెలుసు. బ్రేకులు వదిలి దిగిపోయారు.

4. కొండ కనబడదు.

ఇవాళ సుందరి నీళ్ళు పోసి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిండు క్యానుతో బయలుదేరాను. వీధి చివరిదాకా జనం వచ్చారు. గవరయ్య చప్పట్లు కొట్టి, "ఏయ్, తోవ! సముద్రం బావు కొండెక్కుతున్నాడు!" అని కేకేశాడు. ఉప్పు మలుపు దాటాను. గొర్రెల మలుపు కనబడుతూనే ఉంది, దగ్గర కావడం లేదు. కాళ్ళు రాయి అయిపోయాయి. అక్కడ దిగి నడిస్తే సరిపోయేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

నేను మోటారు వేశాను. ఆ ఒక్క మలుపు వరకే అనుకున్నాను. పచ్చలైటు కనబడకుండా హ్యాండిలుమీద తువ్వాలు కప్పాను.

తువ్వాలు కప్పినప్పుడే నేనేం చేస్తున్నానో నాకు తెలుసు.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. వెనకచక్రంలో ఉండే ఈ మోటార్లు తొక్కేవాళ్ళ కాళ్ళు చూసి నేర్చుకుంటాయి. ఎక్కడ గట్టిగా తొక్కుతారు, ఎక్కడ లేచి నిలబడతారు, ఎక్కడ అలుపు తీర్చుకుంటారు, అన్నీ పట్టుకుని దానికి తగ్గట్టు తోస్తాయి. ఇది సుందరి కాళ్ళు నేర్చుకున్న మోటారు. పనస మలుపులో నేను ఇంకా కూర్చునే ఉన్నాను, చక్రం ఒక్కసారిగా లేచినట్టు ముందుకు తోసింది. ఆమె అక్కడ లేచేది. కొంగు నడుముకి దోపి, హ్యాండిలుమీదికి వాలి, రెండు భుజాలూ ఊపుతూ తొక్కేది. నా కాళ్ళు ఆ ఊపు అందుకున్నాయి. అక్కడినుంచి పైదాకా నేను తొక్కలేదు. ఆమె వెనకాల వెళ్ళాను.

ఒకచోట మాత్రం తోపు తగ్గింది. ఓడ మలుపులో. అక్కడ పెద్ద ఎక్కుడు కూడా కాదు. దూరంగా సముద్రంలో ఒరిగి మునిగిన పాత ఓడ కనబడే చోటు. మోటారు పాడవుతోందేమో అనుకున్నాను. మలుపు దాటగానే మళ్ళీ అందుకుంది.

పైన వలలు గాలికి చప్పుడు చేస్తున్నాయి. మోటారు రొద అందులో కలిసిపోయింది. తొట్టి దగ్గరకు చేరేలోపు కట్టేశాను. చిన్నమ్ములు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. సుందరికి పిన్ని వరస. పైకి నీళ్ళు తెచ్చిన ప్రతివాళ్ళనీ ఆమె ఒక్క మాటే అడుగుతుంది. పరీక్ష ఏమీ ఉండదు. అడుగుతుంది, చెప్పింది నమ్ముతుంది.

"మోటారు కట్టేసి వొచ్చినావా నాయనా?"

"కట్టేసే వచ్చానత్తా."

"కాలు కింద ఎట్టినావా?"

"లేదు."

ఈ రెండోది నిజం.

ఆమె నా మొహం రెండు చేతులతో పట్టుకుంది. "ఈ వయసులో కాలెట్టకండా ఎక్కినోళ్ళని నాను సూళ్ళేదు. నా పిల్ల నీకు బాగా నేర్పింది" అంది. నీళ్ళు పోశాను. పేరు కొట్టేసింది. పాత వలనుంచి ఒక పోగు తెంపి హ్యాండిలుకి కట్టింది. దిగకుండా ఎక్కినవాళ్ళకే అది కడతారు. జట్టంతా చుట్టూ చేరి బెల్లం టీ ఇచ్చారు. తాగాను.

5. కొండ కనబడుతోంది.

ఊళ్ళో అందరూ ఆ పోగు చూస్తున్నారు. కూరల దుకాణంలో వరస వదిలి నన్ను ముందుకు పంపించారు. తీరాఫీసులో కుర్రవాళ్ళు ఏ గేరు వాడారని అడిగారు. చెప్పాను. నా నోట్లోంచి ఆ మాటలు ఎంత సులువుగా వచ్చాయో విని నాకే భయం వేసింది.

పోగు విప్పేద్దామని రెండుసార్లు కూర్చున్నాను. విప్పితే ఎందుకు విప్పావని అడుగుతారు.

6. కొండ సగం కనబడుతోంది.

ఇది రాయడానికి ఇంకా సిగ్గుగా ఉంది.

నీళ్ళు పోసిన మర్నాటినుంచి రోజూ సాయంత్రం మళ్ళీ ఎక్కుతున్నాను. మోటారు వేసుకుని. అడిగినవాళ్ళకి మోకాలికి వ్యాయామం అని చెబుతున్నాను. పనస మలుపులో ఆ తోపు కోసం వెళుతున్నాను.

నిన్న పనస మలుపులో తోపు రాలేదు. ఆ ముందు వంపులో వచ్చింది, నేను అలిసిపోయే చోట. నా కాళ్ళు నేర్చుకుంటోంది. కొత్తది నేర్చుకున్నకొద్దీ పాతది వదిలేస్తుంది. ఈ సంగతి దీవిలో చిన్నపిల్లలకీ తెలుసు. సైకిలు చేతులు మారినప్పుడు చక్రం విప్పించి పాత నడక చెరిపించుకుంటారు. చెరపడం ఇష్టంలేనివాళ్ళు చక్రాన్ని గోడకి తగిలిస్తారు, ఎవరినీ తొక్కనివ్వరు. గవరయ్య ఇంట్లో బోడెమ్మ చక్రం అలాగే వేలాడుతోంది.

నాకు తెలిసీ ఎక్కాను. ఇవాళా ఎక్కాను. పనస పైనున్న గాలి మలుపులో ఆమె ఊపు పోయింది. గొర్రెల మలుపులోదీ పోయింది. ఓడ మలుపులో తగ్గడం ఒక్కటే అలాగే ఉంది. మొదట లోపం అనుకున్నది అదే.

7. కొండ కనబడదు.

గవరయ్య తన సైకిలు అరుగుమీద తలకిందులుగా పెట్టి బ్రేకులు బిగిస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"మావా, ఓడ మలుపులో సుందరి ఎందుకు నెమ్మదించేదో తెలుసా? బోడెమ్మత్త ఎప్పుడైనా చెప్పిందా?"

స్పానరు పక్కన పెట్టి నావైపు చూశాడు. తమాషా చేస్తున్నానేమో అన్నట్టు చూశాడు.

"నీకు తెల్దా?"

"ఓడ చూసేది. ఆ ఓడంటే ఇష్టం ఆమెకి."

"ఓడనేటి సూస్తాదయ్యా! అదేమైనా బయలెల్లిపోతాదా? నువ్వు ఎనకాల రొప్పుకుంటూ వొత్తావు కదా, నువ్వు అందుకోవాలి కదా. నువ్వొచ్చి పక్కన ఆగీసరికి ఓడ సూత్తన్నట్టు నిలబడీది. బోడెమ్మ నాకు సెప్పి నవ్వీది. మొగుడి పరువు ఆ ఓడమీద ఏసింది మీ సుందరి, అనీది."

అతను మళ్ళీ చక్రంవైపు తిరిగాడు.

"నువ్వు లేనప్పుడు కూడా ఆగీదట. అలవాటైపోనాది. వలలకి ఆలీసమైపోతన్నాదే, పదవే అని బోడెమ్మ తిట్టీది." చక్రం ఒకసారి తిప్పి చూశాడు. "అయినా అదంతా పాత మాట. ఇప్పుడు నీ కాళ్ళకాడికెవలొస్తారు? పోగు కట్టించుకున్నావు."

అప్పుడు గమనించాను. అతను బిగిస్తున్నది నడిపించుకు వెళ్ళే సైకిలుకి అక్కరలేని బ్రేకులు. మోటారు వైరు పీకి పక్కన పెట్టాడు. వెనక కట్టడానికి క్యాను, తాడు పక్కన ఉన్నాయి.

"నడుస్తానన్నావు కదా మావా."

"అప్పుడన్నాను. సముద్రం లెక్కెట్టీ వోడు తొక్కుకెల్తే, వల అల్లీ వోణ్ణి నాను నడుస్తానా? బోడెమ్మకి నామోషీ కాదేటి?"

"నడిచే వెళ్ళు మావా. నడిస్తే తప్పేముంది?"

"నువ్వు తొక్కుకెళ్ళి నన్ను నడమంతన్నావేటి?" నవ్వుతూ నా తొడమీద కొట్టాడు. "పోగు నీ ఒక్కడికే ఉండాలేటి?"

అప్పుడు చెప్పవలసింది. నాలుగు మాటలు. అరుగుమీద మేమిద్దరమే ఉన్నాం. నేను స్పానరు తీసి అతని చేతికి అందించాను. ఆ పని చేశాను.

8. కొండ కనబడదు. గాలి.

గవరయ్య గొర్రెల మలుపులో పడ్డాడు.

నేను తీరంలో ఉండగా కబురు వచ్చింది. వెళ్ళేసరికి జట్టువాళ్ళు అతన్ని రోడ్డు వార కూర్చోబెట్టారు. ఎడమ భుజం ఎముక విరిగింది. రొప్పుతూ రోడ్డుకి అడ్డంగా తొక్కాడట, నేను తొక్కినట్టే. వెనకచక్రం నాచుమీద జారింది. దిగి నడవమని ఇద్దరు చెప్పారట. సముద్రం బావు దిగినాడేటి అన్నాడట.

క్యాను పగిలింది. నీళ్ళు దారిమీద పల్లానికి పారాయి. ఎండ లేదు, ఆ తడి ఇంకా మెరుస్తోంది. అందరూ ఆ తడిని తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు. పోయినవాళ్ళ నీళ్ళు నేలపాలవడం ఈ దీవిలో ఎంత మాటో రాయనక్కరలేదు. గవరయ్య తలమీదికి కండువా లాక్కుని ఎవరివైపూ చూడలేదు. నన్ను చూసి మాత్రం చిన్నగా అన్నాడు.

"బోడెమ్మ నీళ్ళు రోడ్డు తాగేసింది అల్లుడూ."

అతన్ని మోసుకొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా వీధి మలుపులో ఒకామె, వెనక ఎవరో నడిపించుకొస్తున్న నా సైకిలు హ్యాండిలుకున్న పోగు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

9. కొండ కనబడదు.

పొద్దున్నే గవరయ్య ఇంటికి వెళ్ళాను. భుజానికి కట్టు కట్టి మంచంమీద ఆనించి కూర్చోబెట్టారు. అతని కోడలు నూకాలు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. గోడమీద బోడెమ్మ చక్రం.

"మావా, నేను మోటారు వేసుకుని ఎక్కాను."

అర్థం కానట్టు చూశాడు.

"ఉప్పు మలుపు దాటాక వేశాను. పైదాకా తియ్యలేదు. చిన్నమ్ములత్తకి అబద్ధం చెప్పాను."

భుజం కట్టు సర్దుకున్నాడు. తర్వాత అడిగాడు.

"లైటు ఎలుగుతాది కదా?"

"తువ్వాలు కప్పాను."

"తువ్వాలా?"

"ఆ."

నవ్వు వచ్చింది అతనికి. భుజం కదిలి మూలిగాడు. మూలుగుతూనే మళ్ళీ నవ్వాడు. "సదూకున్నోడివి కదా, అంత బుర్ర ఉంతాది" అన్నాడు. తర్వాత నవ్వు పోయింది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఆ అరుగుమీద నా పక్కన కూకున్నావు. స్పానరు అందించినావు."

"అందించాను."

"నడిసెల్లిపోదును కదరా. హాయిగా నడిసెల్లిపోదును."

అతను నన్ను 'రా' అనడం అదే మొదలు. వయసులో పెద్దవాడే, కానీ ఎప్పుడూ అలా అనలేదు. నాకు అది సరిగానే అనిపించింది.

బోడెమ్మత్త పేరుమీద నీళ్ళు ఇంకా వస్తున్నాయి కదా, మళ్ళీ పట్టి ఇమ్మన్నాను, నేను పైకి చేరుస్తానన్నాను. గోడవైపు చూస్తూనే, "నీ సేత్తో వొద్దు" అన్నాడు. నేను లేచాను. గడప దాటుతుండగా వెనకనుంచి అన్నాడు.

"నాకు సెప్పినావు, సరే. సిన్నమ్ములుకి సెప్పు. ఆ పిల్లలందరికీ సెప్పు. టీ తాగినావు కదా ఆళ్ళకాడ."

10. కొండ కనబడుతోంది. తూర్పున వాన మబ్బు.

ఇవాళ సాయంత్రం ఓడ మలుపు దాకా ఎక్కాను. మోటారు వేసుకునే. ఇదే ఆఖరని అనుకునే ఎక్కాను.

ఉప్పు మలుపు నుంచి అంతా నేనే. నేను అలిసే చోట తోస్తుంది, నేను కూర్చునే చోట ఊరుకుంటుంది. ఆమె నడక ఎక్కడా తగల్లేదు. ఓడ మలుపులో తోపు తగ్గింది. ఆగి, ఒక కాలు కింద పెట్టి నిలబడ్డాను. ఓడ అలాగే ఒరిగి ఉంది. చూడటానికి అందులో ఏమీ లేదు. తుప్పు, పక్షుల రెట్ట. వెనక్కి తిరిగి కింద రోడ్డు చూశాను. ఆ మలుపులోనుంచి కింది వంపంతా కనబడుతుంది, ఎవరు ఎక్కడ రొప్పుతున్నారో, ఎవరు దిగి నడుస్తున్నారో. ఇన్నేళ్ళలో నేను అక్కడ వెనక్కి తిరిగి చూసింది లేదు. అవసరం రాలేదు.

ఆమెకు అన్నీ కనబడేవి. ఆ కింది వంపులో నేను దిగి, నాలుగడుగులు నడిచి, ఆమె చూడట్లేదనుకుని మళ్ళీ ఎక్కి తొక్కడం కూడా.

ఇంకో సంగతి. ఈ పది రోజులుగా ఆ మలుపులో నేనూ నెమ్మదిస్తున్నాను. అక్కడ తగ్గుతుందని తెలిసి ముందే కాళ్ళు వదులు చేస్తున్నాను. ఇప్పుడు ఆ తగ్గడం ఆమెదో నాదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా నేనే పోగొట్టాను.

ఇంటికి వచ్చేసరికి అరుగుమీద ఒక క్యాను ఉంది. నిండుగా ఉంది. మూత కదలకుండా గవరయ్య కండువాతో కట్టి ఉంది. నూకాలు అరుగు ఊడుస్తూ, నావైపు చూడకుండా చెప్పింది.

"మావయ్య పంపినాడు. ఒలికితే మళ్ళీ తన మొహం సూడొద్దన్నాడు. తొక్కితే కాళ్ళిరుగుతాయన్నాడు."

"నడుస్తానని చెప్పు."

"అదీ అన్నాడు. నడిసే వోడికే ఇమ్మన్నాడు."

వాన ఎల్లుండికి దిగేటట్టుంది. రేపొక్కరోజే ఉంది.

మోటారు వైరు పీకేశాను. వెనకచక్రం విప్పి, సుందరి బట్టలు ఆరేసుకునే మేకుకి తగిలించాను. దాన్లో ఎవరి నడక ఉందో తెలియదు. ఎవరిదైనా ఇక అంతే ఉంటుంది. నా పాత సైకిలు చక్రం తీసి దీనికి బిగించాను. దాని మోటారు చచ్చి రెండేళ్ళయింది. తిరుగుతోంది, కొంచెం కొట్టుకుంటోంది.

రేపు పొద్దున్న హ్యాండిలుకున్న పోగు విప్పి జేబులో పెట్టుకుంటాను. బోడెమ్మ నీళ్ళు వెనక కట్టుకుని వీధి మధ్యనుంచి, అందరూ లేచిన తర్వాత, సైకిలు నడిపించుకుంటూ బయలుదేరతాను. ఓడ మలుపు దగ్గర ఆగను. పైకి చేరాక, చిన్నమ్ములు అడగకముందే, జట్టంతా ఉండగా, చెబుతాను. పోగు ఆమె చేతికి ఇస్తాను. నీళ్ళు తీసుకుంటే పోస్తాను. తీసుకోకపోతే తొట్టి పక్కన పెట్టి, వాళ్ళు తీసుకునేదాకా అక్కడే నిలబడతాను.